టాంకర్ వంతు, ఘటం వంతు

ఆదిత్యపూర్‌లో మా వార్డుకు నేను మొదటిసారి పార్షద్‌నైన తరువాతి వేసవి అది. పార్షద్ అంటే మన వైపు కౌన్సిలర్. నా చదువు సంతకం వరకే, అందుకే నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పెళ్లయ్యాక ఈ హిందీవాళ్ల ఊరు వచ్చాను. మా ఆయన చిన్న కార్ఖానాలో ఫిట్టర్. ఎన్నికలొస్తే పెద్ద పార్టీలవాళ్లు మా వీధిలో తెలుగు ఇళ్లు తిరగడానికి మనిషి కావాలనేవారు. అలా ఓటరు చీటీలు పంచే పనితో మొదలుపెట్టాను. ఆయన పోయాక వార్డు ఆడవాళ్లకు కేటాయించారు. మా తెలుగువీధి పెద్ద సింహాచలం మావయ్యే నన్ను నిలబెట్టాడు. వార్డు ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. మనిషిని చూసి వేస్తారు, ఆ మనిషి ఎవరి మనిషో చూసి వేస్తారు. నేను తెలుగువాళ్ల మనిషిని.

ఎండాకాలం వచ్చిందంటే పార్షద్‌కు టాంకర్ తప్ప వేరే పని ఉండదు. కార్పొరేషన్ టాంకర్ వార్డుకు వస్తుంది. ఏ రోజు ఏ వీధికో చెప్పాల్సింది పార్షదే. నీళ్లు పంచాక డ్రైవరు పార్షద్ సంతకం తీసుకుని వెళ్తాడు. నేను ఒకరోజు మా వీధికి, ఒకరోజు వెనకవీధికి అని పెట్టాను. వెనకవీధిలో ఛప్రా, ఆరా వైపు నుంచి వచ్చిన హిందీవాళ్లుంటారు. మా వీధికి చాపాకల్ ఉంది, చేతిపంపు. సన్నంగానైనా పడుతుంది. వాళ్లది అప్పటికే ఎండిపోయింది.

ఆ ఏడు అమ్మవారి పండగ వెనకవీధి వంతు రోజున పడింది. ముందు వంతున టాంకర్ చెడిపోయి వాళ్లకు నీళ్లు రాలేదు కూడా. మా పండగకు నీళ్లు చాలా కావాలి. ఆడవాళ్లు ముర్రాటలెత్తుతారు. అంటే బిందెల్లో పసుపునీళ్లు, వేపమండలు పెట్టుకుని తలమీద మోసుకెళ్లి అమ్మవారి దగ్గర పోస్తారు. ఘటం, అంటే అమ్మవారిని నిలిపిన కుండ, ఇంటింటికీ వస్తే మోసేవాడి కాళ్లమీద నీళ్లు పోయాలి. పోశాక ఘటం ఆగుతుంది, ఇంటివాళ్లు పసుపూ కుంకుమా ఇచ్చుకుంటారు. కాళ్లమీద నీళ్లు పడ్డాక పసుపు అందుకోకుండా అడుగు వేయకూడదు.

ముందురోజు సింహాచలం మావయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. వెనక పదిమంది.

"రేపు టాంకరు మనకి తిప్పీ లచ్చిమీ."

"రేపు ఆల్ల వంతు మావయ్యా. మొన్న కూడా రానేదు. పిల్లలకి తాగడానికి నేవు."

"అమ్మోరికన్నా ఆల్లెక్కువైపోనారేటే నీకు? నిన్ను గెలిపించింది ఆల్లా, మేమా?"

"మీరే. కాదన్నానేటి? చాపాకల్ కాడ తెల్లారగట్ల నుంచీ పట్టుకుందాం. నానూ కొడతాను పంపు."

వెనకనుంచి ఒక గొంతు లేచింది. "ముర్రాట ఎత్తని దానికి ముర్రాట బరువేటి తెలుత్తాది?"

మాలో మొగుడు పోయినవాళ్లు ముర్రాట ఎత్తరు. అయినా టాంకర్ తిప్పనని చెప్పాను. మావయ్య చేతికర్ర నేలమీద కొట్టాడు.

"అయితే ఇనుకో. రేపు ఘటం నీ గుమ్మం కాడ ఆగదు."

ఇది వేరేవాళ్లకు చిన్నమాటలా ఉంటుంది. ఘటం ఆగని ఇల్లంటే వీధిలో లేని ఇల్లే. పెళ్లికి పిలవరు, చావుకు రారు. నాకెలా ఉన్నా, మా కోడలికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. రేపు పురిటికి సాయం ఎవరొస్తారు? ఆ రాత్రి కోడలు ఒక్కమాటే అంది. "అత్తా, నాను సెంబు పట్టుకుని నిలబడతాను. ఆగితే ఆగుద్ది."

మరునాడు టాంకర్ వెనకవీధిలోకి పట్టక, ఎప్పటిలాగే మా ఇంటి మలుపులో ఆగింది. వాళ్ల ఆడవాళ్లు బకెట్లు నింపుకుని వెళ్తుండగా డప్పులు వినిపించాయి. దారి నిండిపోయింది. వాళ్లు మా అరుగువారకు జరిగి నిలబడ్డారు. వాళ్లలో సునైనా అని పాలమ్మే మనిషి ముందుంది.

మిట్టమధ్యాహ్నం, చైత్రమాసపు ఎండ. ఘటం మోసేది అప్పన్న, చెప్పుల్లేవు. తారు అంటుకుపోతుంటే అడుగులు ఎత్తెత్తి వేస్తున్నాడు. మావయ్య ముందు నడుస్తూ మా గుమ్మం వైపు చూడకుండా దాటాడు. అప్పన్న తలదించుకుని వెనకే వస్తున్నాడు. కోడలు చెంబు పట్టుకుని నిలబడే ఉంది.

సునైనా "అరే, పైర్ జల్ రహా హై బేచారే కా" అంటూ, పాపం కాళ్లు కాలుతున్నాయని, చేతిలో బకెట్టు సగం అతని కాళ్లమీద కుమ్మరించింది.

డప్పు ఆగిపోయింది. అప్పన్న ఉన్నచోటే నిలబడ్డాడు.

మావయ్య వెనక్కి తిరిగాడు. "నడవరా!"

"కాల్లమీద నీల్లు పడిపోనాయి మావయ్యా. ఎలగెల్తాను?"

సునైనా నా చెవిలో "కా భైల దీదీ?" అంది, ఏమైందక్కా, తప్పు చేశానా అని. లేదన్నట్టు తల ఊపాను. మా కోడలు మెట్టు దిగి తన చెంబు నీళ్లు కూడా పోసి, పసుపు ఇచ్చింది. ఆ కట్టుబాటు వీధి పెద్దగా తను నిలబెట్టేదే కాబట్టి మావయ్య అడ్డు చెప్పలేకపోయాడు. అప్పన్న పసుపు అందుకుని కదిలాడు.

సునైనాను నేనే అక్కడ నిలబెట్టానని మావయ్య చనిపోయేవరకూ నమ్మాడు. కాదని ఎన్నిసార్లు చెప్పినా, "పార్షదు అయిపోనావు కదే, నేర్సుకున్నావు" అనేవాడు. కోడలి పురిటికి మాత్రం తన భార్యను పంపాడు.

తరువాతి ఎన్నికలో మా వీధి సగం నాకు వేయలేదు. లెక్కింపు బల్ల దగ్గర కూర్చుంటే ఏ బూత్ ఎటు తిరిగిందో తెలుస్తుంది. వెనకవీధి మొత్తం వేసింది. గెలిచాను. తరువాత అసెంబ్లీ ఎన్నికలకు ఒక పెద్ద పార్టీ నన్ను జిల్లా ఆడవాళ్ల విభాగంలోకి తీసుకుంది. "తెలుగు ఓట్లు మీరు తెండి" అన్నారు. సగమే తేగలనని, వెనకవీధివి కావాలంటే అడగమని చెప్పాను. వాళ్లు నవ్వారు. నేను ఉన్నమాటే చెప్పాను.

బయటినుంచి వచ్చినవాళ్లను రాజకీయంలోకి సొంతవాళ్లే తోస్తారు. అక్కడ నిలబడటానికి ఆ సొంతవాళ్లు మాత్రమే చాలరు. టాంకర్ వంతు మార్చలేదు కాబట్టి రెండోసారి గెలిచాను. ఆ రోజు ఘటం ఆగకపోయుంటే, గెలిచాక కూడా ఆ వీధిలో కాపురం ఉండగలిగేదాన్నా అంటే, అది నాకు ఇప్పటికీ తెలియదు.