ఏడో నంబరు గది మీద నా ఫిర్యాదు

ఆ రోజుల్లో నా దగ్గర చెప్పుకోదగ్గవి రెండే ఉండేవి. మడత నలగని తెల్ల చొక్కా ఒకటి, ఎవరేమన్నా మరిచిపోని బుర్ర ఒకటి. చొక్కా ఎప్పుడో చిరిగిపోయింది. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. ధర్మవరంలో పద్నాలుగేళ్ళ వయసులో నన్ను మా నాయన మగ్గం గుంతలోంచి చెయ్యి పట్టి పైకి లాగి, "నీ కాళ్ళు దీనికి పనికిరావు, పోయి సదువుకో" అన్నప్పుడు అరుగు మీద ఎవరెవరు కూర్చుని నవ్వారో ఈరోజుకీ వరసగా చెప్పగలను. ఆ మాట మనసులో పెట్టుకునే మగ్గం చప్పుడు వినబడనంత దూరంలో ఉద్యోగం వెతుక్కున్నాను. పెనుకొండ దాటాక హైవే పక్కన, రిటైరైన పెద్దవాళ్ళు గదులు తీసుకుని ఉండే నివాసం ఒకటి కొత్తగా కట్టారు. అందులో అటెండరుగా చేరాను. స్నానానికి నీళ్ళు తోడివ్వడం, మాత్రలు వేళకు అందించడం, బెల్లు కొడితే పోవడం, చూసిందంతా డ్యూటీ రిజిస్టర్లో రాయడం నా పని. (ఆ చివరి పని కోసమే పుట్టానని చేరిన రోజే అర్థమైంది.) మూడు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు.

ఏడో నంబరు గదిలో ఉండే ఎనభై దాటిన పెద్దాయన్ను అందరూ కిటికీ తాత అనేవారు. ఎప్పుడూ కిటికీ పక్కనే ఉండేవాడు. మొదటిరోజు భోజనాల హాల్లో ఆయన నా చొక్కాను కింది నుంచి పైదాకా చూసి, "ఏమప్పా ఇస్త్రీ, నీళ్ళు పోసేకొచ్చినావా, పెండ్లికొచ్చినావా?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ పూట నుంచి వంటామెతో సహా అందరికీ నేను ఇస్త్రీనే. ఒకరోజైతే ఆయన పదకొండుసార్లు బెల్లు కొట్టాడు. పదిసార్లు కిటికీ తెర తీయమని, పదకొండోసారి తెర సరిగ్గా తీయలేదని. అన్నీ రిజిస్టరుకెక్కించాను. మేనేజరమ్మ చదవకుండా సంతకం పెట్టేది. ఆయనదీ ధర్మవరమేనని తెలిసినా, ఏం పని చేసేవాడని నేను అడగలేదు. పలకరిస్తే మా నాయన సంగతి ఎత్తుతాడేమోనని.

ఒక మధ్యాహ్నం నాకు అవకాశం దొరికింది. తాత గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి కింద కాళ్ళు ఒకటి మార్చి ఒకటి కదులుతున్నాయి. కుడి చెయ్యి ఉండుండి గాల్లో ఏదో లాగుతోంది, ఎడమ చెయ్యి ముందుకూ వెనక్కూ ఊగుతోంది. వరసగా మూడు రోజులు గమనించి, "కాళ్ళూ చేతులూ అదురుతున్నాయి, మనిషికి తెలియడం లేదు" అని ఎర్ర ఇంకుతో రాశాను. ఈసారి మేనేజరమ్మ చదివింది. డాక్టరుకు ఫోన్లో వినిపించింది. ఒంటిమీద తెలివి లేనివాళ్ళను పై అంతస్తులో, మంచాలకు ఇనుప కడ్డీలుండే వార్డులో పెట్టాలన్నది అక్కడి నియమం. శనివారం మార్చేస్తామన్నారు. తాత వాదించలేదు. నన్ను పిలిచి, "ఆడ వెలుతురుండాదా అప్పా?" అని అడిగాడు. పెద్ద ట్యూబులైట్లు ఉన్నాయన్నాను. "లైటు కాదప్పా, వెలుతురు" అని కిటికీ వైపు తిరిగాడు. ఇస్త్రీ అన్నందుకు తగిన శాస్తి జరిగిందని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

శుక్రవారం మా అవ్వ డబ్బా నిండా తియ్యటి ఓళిగలు పట్టుకుని బస్సు దిగింది. నా గొప్ప చూపించాలి కదా. నేను కనిపెట్టిన జబ్బు చూద్దువు రమ్మని ఏడో నంబరు గది వాకిలి దాకా తీసుకుపోయాను. అవ్వ కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. చూస్తూ చూస్తూ పెదవులతో ఏదో లెక్కపెట్టుకుంది.

"ఏడు దెబ్బలకొకసారి ఆగుతాండాడు సూడు" అంది. "జబ్బు కాదురా. మగ్గం మీద చీరకు బుటా ఏస్తాండాడు ఆయప్ప."

అవ్వ గొంతు పెంచి, "ఏమన్నా, చీర యాడికొచ్చె?" అని అడిగింది.

తాత కళ్ళు తెరవలేదు. "కొంగులో ఉండానమ్మా. రేపటికి మగ్గం నుంచి దించల్ల. రేపు నన్ను పైకి మారుస్తారంట, ఆడ వెలుతురు లేదంట."

అవ్వ నా వైపు తిరిగింది. "మగ్గం గుంతలో పెరిగినోడివి. మీ నాయన ఊరికే అనలేదురా."

(ఇది రెండోసారి. ఇదీ రాసిపెట్టుకున్నాను.)

మేనేజరమ్మ దగ్గరికి పరుగెత్తి, ఎర్ర ఇంకు మాటలు కొట్టేస్తానన్నాను. హిందూపురం మనిషి, మాట తూకంగా ఉంటుంది. "రిజిస్టర్లో రాసింది కొట్టేసేకి కాదప్పా. ఇంకో ఫిర్యాదొస్తే డాక్టర్ను పిలుస్తా. ఎవరి మీద రాస్తావో నీ ఇష్టం" అంది. నా పర్మనెంటు సంగతి ఆ చూపులోనే కనిపించింది. అయినా కూర్చున్నాను. పాత పేజీ రాసిన అటెండరు నేతోళ్ళ ఇంట్లో పుట్టి నేతను గుర్తుపట్టలేని మనిషనీ, ఇస్త్రీ అన్నారన్న కోపంతో రాశాడనీ, అతని మాట నమ్మవద్దనీ పేజీన్నర రాసి, కింద ఫిర్యాదుదారుగా సంతకం పెట్టాను. నా జన్మలో అంత బాగా రాసిన ఫిర్యాదు మరొకటి లేదు.

మరునాడు డాక్టరు వచ్చి, తాతతో మాట్లాడి, అరగంట ఆ నేత చూసి, కాళ్ళకూ చేతులకూ ఇంతకంటే మంచి వ్యాయామం లేదని, గది మార్చవద్దని రాసిపోయాడు. నా పర్మనెంటును మాత్రం మేనేజరమ్మ ఇంకో మూడు నెలలు వెనక్కి జరిపింది. నిజం రాసినందుకు శిక్ష వేయడం ఏం న్యాయమో ఆమె ఈనాటికీ చెప్పలేదు. ఆదివారం పొద్దున ఏడో నంబరు బెల్లు మోగింది. "ఏమప్పా ఇస్త్రీ, తెర తియ్యి." చివరిదాకా తీశాను. అది రిజిస్టర్లో రాయలేదు.

ఇప్పుడు నాకు నలభై దాటింది. సెలవురోజు మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే, నా కుడిచేతి వేళ్ళు దగ్గరికొచ్చి దుప్పటి మీద ఎడమ నుంచి కుడికి ఏదో గీసుకుంటూ పోతాయట. మా ఆవిడ చెబుతుంది. పేజీ చివర కొంచెం ఆగి, గట్టిగా నొక్కి సంతకం కూడా పెడతానట. డాక్టరుకు చూపిద్దామా అని మొన్న అడిగింది. వద్దన్నాను. కిటికీ తెర కాస్త పక్కకు జరపమన్నాను.