కంబళమ్మ కడుపు

మొన్న మాఘమాసం రెండో శుక్రవారం, పొద్దున పదకొండు గంటల నలభై నిమిషాలకు, మదనపల్లె సినిమా హాల్లో, మా అమ్మ పిల్లలను మింగడం చూశాను. మా అమ్మ చనిపోయి నలభై ఏళ్ళు దాటింది. నేను చూసింది బొమ్మల సినిమాలో. ఆ బొమ్మ గీసింది మా చెల్లెలి మనవడు.

వాడు బెంగళూరులో కంప్యూటర్ మీద బొమ్మలు కదిలించే పని చేస్తాడు. నాలుగేళ్ళ కిందట రామకుప్పం దగ్గర మా ఊరికి వచ్చాడు. మూడు రోజులు నా ముందు ఫోను పెట్టుకుని కూర్చుని కంబళమ్మ కథ చెప్పించుకున్నాడు. ఆ కథ మా అమ్మది. రాగి చేనికి కావలి ఉండేటప్పుడు మంచె మీద మాకు చెప్పేది. అడవిపందుల గుంపు వచ్చినప్పుడు, దారి తప్పిన పిల్లలను కంబళమ్మ అనే ముసలామె తన నల్ల కంబళి కింద దాచిపెడుతుంది. గుంపు వెళ్ళిపోయాక వదులుతుంది. అంతే కథ. "కంబళమ్మ ఎట్లుంటాది?" అని మేమడిగితే "నా మాదిరే ఉంటాది" అనేది మా అమ్మ. అందుకని వాడు అడిగినప్పుడు మా అమ్మ ఎట్లా ఉండేదో అట్లే చెప్పాను. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు, కమ్మ లాగి తెగిపోయిన ఎడమ చెవి, నడిస్తే కుడివైపు ఒరగడం.

తర్వాత వాడు కథను కాగితాల మీద రాసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

"సదువుకో అవ్వా. నీకు సరే అనిపిస్తేనే సంతకం పెట్టు" అన్నాడు.

నేను అరవై దాటినాక కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ నాలుగు పేజీలకు ఒక పగలంతా పట్టింది. వేలు పెట్టి, కూడబలుక్కుని, ఒక్క మాటా వదలకుండా చదివాను. "కంబళమ్మ పిల్లలను కడుపులో పెట్టుకుంటుంది" అని ఉంది. నేను చెప్పిన మాటే. తెలుగు మాట్లాడే ఏ ఇంట్లోనైనా ఆ మాటకు కన్నబిడ్డల్లా చూసుకోవడమనే అర్థం. సంతకం పెట్టాను.

సినిమా కుప్పంలో వేయనేలేదు. పుంగనూరులో ఒక్క రోజు వేసి తీసేశారు. మదనపల్లెలో పొద్దున ఆట ఒక్కటే మిగిలింది, వచ్చి చూడమని వాడు ఫోను చేశాడు. కోడలి పుట్టిల్లు పుంగనూరు. ముందురోజే అక్కడికి వచ్చి, పొద్దున్నే ఇద్దరం మదనపల్లె బస్సెక్కాం.

హాలు గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఈ సినిమాకా వచ్చిండేది? మీరిద్దురేనా? పదిమందన్నా లేకుంటే ఆట ఎయ్యమమ్మా."

"ఆ కతలో ఉండేది మా యమ్మప్పా."

"అట్లనా! అయితే మీ యమ్మ తరపు సుట్టాలను ఇంకో ఎనిమిదిమందిని పిలిపించు."

కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. చివరికి మనవడు బెంగళూరు నుంచి కారులో వచ్చి దిగి, బతిమాలుకుంటే ఆట వేశారు. పని లేక గేటు ఆయనా, మురుకులు అమ్మే ఆమే కూడా లోపలికి వచ్చి కూర్చున్నారు.

మొదట్లోనే తెర మీద మా అమ్మ నడిచి వచ్చింది. మా అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె ముఖం నాకే మసకబారింది. అట్లాంటిది, కుడివైపు ఒరుగుతూ, కంబళి అంచు నేలకు రాసుకుంటూ, రాగి చేలో నుంచి నడిచి వచ్చింది. "మా యమ్మే, మా యమ్మే" అని కోడలి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఇద్దరు పిల్లలు ఏడుస్తూ ఆమె దగ్గరికి పరుగెత్తారు. మా అమ్మ నోరు తెరిచింది. ఆ నోరు చెవుల దాకా చీలింది. ఒకరి తర్వాత ఒకరిని మింగింది. లోపల వాళ్ళ చేతులు కదులుతుంటే పైన కంబళి ఉబుకుతోంది.

విశ్రాంతికి దీపాలు వెలిగాయి. ముందు వరసలో తల్లి పక్కన కూర్చున్న అయిదేళ్ళ పిల్ల వెనక్కి తిరిగింది. నా గడ్డం మీదా మూడు చుక్కలున్నాయి, మా అమ్మ పొడిపించినవే. ఆ పిల్ల కెవ్వుమని అరిచి తల్లి ఒళ్ళో ముఖం దాచుకుంది.

మనవణ్ణి రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

"కడుపులో పెట్టుకునేదంటే ఏందో నీకు తెలీదా రా?"

"తెలుసవ్వా."

"మరి యాల మింగించినావు?"

"కాపాడే ముసిలామె కతకు దుడ్లు పెట్టేదానికి ఎవురూ ఒప్పుకోలేదవ్వా. బయముండాల అన్నారు."

"కాయితంలో అట్ల రాయలేదే?"

వాడు నేల చూపులు చూశాడు. "నువ్వు సదువుతావని తెలుసు గదా. అందుకే ఆ మాట అట్లే పెట్టినా."

వేలిముద్ర వేసే రోజుల్లో నన్ను మోసం చేయాలంటే నా ముఖం చూసి అబద్ధం చెప్పాల్సి వచ్చేది. చదువు వచ్చాక వాళ్ళకు ఆ కష్టమూ తప్పింది.

"పోనీలే అవ్వా, ఎట్లాగూ ఆడలేదు గదా. ఎవురు సూసినారు?" అన్నాడు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నాలుగేళ్ళ పని వాడిది.

"ఆడకపోయిందే మేలు" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. బొమ్మ బాగా గీశాడు, అదీ చెబుతాను. బాగా గీయకపోయి ఉంటే నాకింత మండేది కాదు.

నేను మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఆట అయ్యేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. అందరూ బయటికి వస్తుంటే అడ్డం నిలబడ్డాను.

"ఒక్క రవ్వ నిలబడండప్పా. ఆ కత అట్ల కాదు."

మంచె మీద మా అమ్మ చెప్పినట్టే, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆ పిల్ల, తల్లి వెనక నుంచి తల మాత్రం బయటికి పెట్టి అడిగింది.

"కంబళి కింద ఊపిరాడతాదా?"

"ఆడతాదమ్మా. ఒక మూల సిల్లుండాది. ఆడ ముక్కు పెట్టుకోవాల."

ఆ పిల్ల నా దగ్గరికైతే రాలేదు.

పుంగనూరులో ఆ ఒక్కరోజు ఎవరెవరు చూశారో నాకు తెలియదు. వాళ్ళకు మా అమ్మ పిల్లలను తినేదిగానే మిగిలిపోయింది. మదనపల్లెలో చూసినవాళ్ళకు మాత్రం అసలు కథ తెలుసు. టికెట్లు చింపే ఆయన, మురుకుల ఆమె, ఆ పిల్ల, ఆ పిల్ల తల్లి, మార్కెట్‌లో టమాటాలు వేసి బస్సుకు టైముందని వచ్చి సినిమా అంతా నిద్రపోయిన చౌడేపల్లె రైతు, మా కోడలు, నేను. మనవడు కూడా ఉన్నాడు, కొంచెం దూరంలో, కారు తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కకుండా.