పూలచెట్టు కింద నీలం పట్ట

ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు నమ్మరు గానీ, పెళ్ళయిన కొత్తలో నేను రోజుకు పది మాటలు మాట్లాడితే అది పెద్ద సంగతి. మా ఇంటికి ఒకసారి వచ్చిన చుట్టాలావిడ పోతూ పోతూ మా అత్తమ్మను పక్కకు పిలిచి, "కోడలికి చెవులు బాగానే వినిపిస్తాయి గదా" అని అడిగి పోయింది. (వినిపిస్తాయి. ఆ మాట కూడా వినిపించింది.) చెప్పాలనుకున్నవన్నీ మధ్యాహ్నం పూట డైరీలో రాసుకునేదాన్ని. మా ఆయన అంగట్లో రైతులతో గంటలు గంటలు మాట్లాడేవాడే గానీ, ఇంట్లోకి వస్తే నాకంటే ఘనం. ఆయన చొక్కా నేను చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటే, "అమ్మా, నా నీలం చొక్కా యాడుందో కనుక్కో" అని వంటింటి వైపు చూసి అడిగేవాడు. ఎనిమిది నెలలు మా కాపురం అత్తమ్మ నోటి మీదుగానే సాగింది.

నాది ఆదోని. నాన్నది పత్తి వ్యాపారం. బి.ఇడి చదివాను, పుస్తకాలు చదివాను, తర్వాత పెళ్ళి చేసుకుని ఎమ్మిగనూరు వచ్చాను. ఆ ఏడు శివరాత్రికి పుట్టింటికి పోయినప్పుడు, మా వీధి చివరి బడిలో తెలుగు టీచరు కావాలంటున్నారని అమ్మ చెబితే, పోయి ఒక పాఠం చెప్పి చూపించాను. (పిల్లల ముందు నాకు నోరు బాగానే లేస్తుంది. పెద్దవాళ్ళతోనే ఇబ్బంది.) వాళ్ళకు నచ్చింది. జూన్‌లో చేరమన్నారు. అయితే ఏ మాటైనా ఏప్రిల్ మొదటి సోమవారానికల్లా చెప్పాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. నాకు ఆ పని ఎంత కావాలో డైరీకి తెలుసు, అమ్మకు తెలుసు. తెలియవలసిన మనిషికి మాత్రం తెలియదు. రోజూ ఆదోనికి బస్సులో పోయి వస్తానని ఆయనను అడగాలి. అడగకుండానే పోయి పాఠం చెప్పి వచ్చానని కూడా ఒప్పుకోవాలి. మొదటిది ఎలాగో చెప్పగలనేమో గానీ, రెండోది తలుచుకోగానే వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

ఇంతలో జపాను వచ్చిపడింది. మా మామకు బోరు మోటార్లు, పైపుల అంగడి ఉంది. ఆ ఏడు అమ్మకాలు బాగా అయ్యాయని పైపుల కంపెనీవాళ్ళు డీలర్లను భార్యాభర్తలుగా జపాను తీసుకుపోతామన్నారు. అక్కడ చెర్రీ పూలు పూసే కాలమట. మామ సరేనన్నాడు. అత్తమ్మ మాత్రం, "కాలు నేలకు ఆనకుండా నేను యాడికీ రాను. పిల్లోళ్ళను పంపు, వాళ్ళన్నా పూలు సూసొస్తారు" అనేసింది. అలా మామకు రావలసిన ప్రయాణం మాకు వచ్చింది. పక్కన ఎవరూ లేకుండా ఆయనతో వారం రోజులు. ఈ వారంలో చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని డైరీలో రాసి కింద గీత గీసుకున్నాను.

"ఆడ ఏం దొరుకుతాదో ఏమో" అని అత్తమ్మ దిండంత సంచి నిండా బొరుగులు పెట్టింది. ఉగ్గానికి కావలసిన తిరగమోత వేరే డబ్బాలో, పుట్నాల పొడి ఇంకో డబ్బాలో. బొరుగులు నీళ్ళలో తడిపి, పిండి, ఆ రెండూ కలుపుకుంటే ఉగ్గాని తయారు. తూకానికి బొరుగుల సంచి ఏమీ రాలేదు గానీ, పెట్టె మూతపడలేదు. నావి మూడు జతల బట్టలు తీసేసి వాటికి చోటిచ్చాము.

టోక్యోలో దిగిన మొదటి రోజే నాకు ఆ దేశం నచ్చింది. రైల్లో వందమంది ఉన్నా ఒక్కరు గొంతెత్తరు. ఒక దేశమంతా నాలాంటివాళ్ళే ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. మాతో వచ్చిన నంద్యాల అన్న (ఆయనా డీలరే, బోరు గుంతలోకి కేకేసి మాట్లాడినట్టు మాట్లాడుతాడు) ఫోనెత్తి "ఆ... జపాన్లోనే ఉండా" అంటే రైలుపెట్టె మొత్తం ఉలిక్కిపడేది. కానీ నా పని మాత్రం ముందుకు కదల్లేదు. విమానంలో చెబుదామనుకున్నాను, ఆయన నిద్రపోయాడు. హోటల్లో చెబుదామనుకున్నాను, ఆయన స్నానాలగదిలో గోడకు పెట్టిన పైపు ఎన్ని ఇంచులో వేళ్ళతో కొలుస్తూ కూర్చున్నాడు. బుల్లెట్ రైల్లో "ఏమండీ" అన్నాను కూడా. ఆయన తిరిగి చూశాడు. "కొండ కనిపిస్తాంది" అన్నాను.

అయిదో రోజు మమ్మల్ని ఒక పెద్ద పార్కుకు తీసుకుపోయి, రెండు గంటలు మీ ఇష్టమని వదిలారు. ఎటు చూసినా చెర్రీ చెట్లే. ఆకు అనేది లేకుండా కొమ్మకొమ్మకూ పూలు. మా నాన్న మిల్లులో పత్తి చూసి పెరిగిన నాకు, చెట్టు మీదే దూది ఏకినట్టు అనిపించింది. జనం చెట్ల కింద ప్లాస్టిక్ పట్టలు పరుచుకుని తింటూ తాగుతూ నవ్వుకుంటున్నారు. మేమూ, నంద్యాల అన్నా, ఆయన భార్యా కూర్చునే చోటు కోసం చాలాసేపు తిరిగాము. చివరికి అన్నిటికంటే పెద్ద చెట్టు కింద, పదిమంది పట్టేంత నీలం పట్ట కనిపించింది. నాలుగు మూలలా నీళ్ళ సీసాలు బరువు పెట్టి ఉన్నాయి. మధ్యలో ఒక కాగితం అంటించి ఉంది. మనిషన్నవాడు లేడు.

నాకు వెంటనే అర్థమైంది. ప్రయాణానికి ముందు జపాను గురించి దొరికిందల్లా చదివాను. అక్కడివాళ్ళు పొద్దున్నే వచ్చి పట్ట పరిచి, పేరు రాసిపెట్టి పోతారట. ఆ పేరు ఉన్నంతసేపూ ఆ చోటును ఎవరూ తాకరట. ఈ మాట నా గొంతు దాకా వచ్చింది. అంతలో మా ఆయన నంద్యాల అన్నకు వివరిస్తున్నాడు: "మనూర్లో ఇంటి ముందర జంపఖానా పరిచినారంటే ఏమని అర్థం? వచ్చినోళ్ళు కూర్చోండని. పరిచినాక కూడా మనం నిలబడితే పరిచినోళ్ళకు చిన్నతనం గదన్నా."

"మరి ఆ కాగితమేందప్పా?"

"చెప్పులు ఈడ ఇడవండని రాసింటారు."

అంత నమ్మకంగా చెబుతున్న మనిషిని నలుగురిలో ఎలా కాదనడం? నేను నోరు మూసుకుని చెప్పులు విడిచాను. (వరసగా, అంచుకు సరిగ్గా పెట్టాను. తప్పు చేస్తున్నా పద్ధతిగా చేయాలి కదా.)

సీసా నీళ్ళతో బొరుగులు తడిపి ఉగ్గాని కలిపాను. కాగితం ప్లేట్లలో పెడుతుంటే పూరేకులు వచ్చి పడుతున్నాయి. "కొత్తిమీర లేదనుకున్నా, పూలు పడతాండాయి" అన్నాడు నంద్యాల అన్న, తిని కాళ్ళు బారచాపి పడుకుంటూ. అప్పుడు వచ్చారు వాళ్ళు. పదిమంది దాకా ఉన్నారు, ఏదో ఆఫీసువాళ్ళు, చేతుల్లో డబ్బాలు, సంచులు. పట్ట అంచున ఆగి కాగితం చూశారు, మమ్మల్ని చూశారు, మళ్ళీ కాగితం చూశారు. ఒకరితో ఒకరు గుసగుసగా ఏదో అనుకున్నారు. వాళ్ళలో పెద్దాయన ముందుకు వచ్చి, ఏం చెప్పాలో తోచక, వంగి నమస్కారం పెట్టాడు.

మా ఆయన మనసు కరిగిపోయింది. "పాపం, కూర్చోనీక చోటు లేనట్టుంది వీళ్ళకు. జరగండప్పా, జరగండి" అని మమ్మల్ని జరిపి, రెండు చేతులూ చాచి వాళ్ళను పిలిచాడు. ఆ పెద్దాయన బిత్తరపోయి తన పట్ట మీద తానే ఒక మూల మోకాలు ఆనించి కూర్చున్నాడు. తక్కినవాళ్ళూ అంచుల్లో ఒదిగారు. మా ఆయన పెళ్ళిపెద్దలాగా తిరుగుతూ అందరికీ ఉగ్గాని పెట్టాడు. వాళ్ళు రెండు చేతులా అందుకున్నారు. పచ్చిమిరపకాయ నమిలినాయనకు కళ్ళలో నీళ్ళు తిరిగినా తల ఊపుతూనే ఉన్నాడు. "ఎంత మంచోళ్ళు చూడు" అన్నాడు మా ఆయన నాతో.

సిగ్గుతో వంచుకున్న తల ఎత్తేసరికి, వాళ్ళలో ఒకావిడ కనిపించింది. మా అత్తమ్మ వయసుంటుంది. ఆమెకు చోటు దొరకలేదు. తాను వండి తెచ్చుకున్న డబ్బా రెండు చేతులతో పట్టుకుని, తమ పట్ట పక్కనే మట్టిలో నిలబడి, మాకేసి నవ్వుతూ ఉంది. ఇక నా వల్ల కాలేదు.

"లేవండి" అన్నాను.

"ఏమైంది, చీమలా?" అన్నాడాయన.

"ఇది వాళ్ళ పట్ట. పొద్దున్నే వచ్చి పరుచుకుని పోయినారు. ఆ కాగితంలో ఉండేది వాళ్ళ పేరు. మనం లేవాల. ఇప్పుడే."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నంద్యాల అన్న అంత వేగంగా లేవడం ఆయన భార్య కూడా ఎప్పుడూ చూసి ఉండదు. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో, మా ఊళ్ళో పరిచినది అందరికీ అనుకుంటామనీ, తెలిసీ చెప్పనిది నేనేననీ, క్షమించమనీ చెప్పాను. పెద్దాయన పక్కవాళ్ళకు చెప్పాడు. వాళ్ళంతా నవ్వాపుకోలేకపోయారు. కూర్చోమని ఎంతో బతిమాలారు. మేము ఆగకపోతే, పుల్లలకు గుచ్చిన మూడు రంగుల పిండి ఉండలు మా చేతుల్లో పెట్టారు. నిలబడి ఉన్నావిడ మొట్టమొదట పోయి నేను లేచిన చోట కూర్చుంది.

నంద్యాలవాళ్ళు సిగ్గుతో బస్సు వైపు పోయారు. మేమిద్దరం చెరువు గట్టున ఒక బెంచీ మీద కూర్చున్నాము. ఆయన పిండి ఉండల పుల్ల చేతిలో పట్టుకుని, తినకుండా చెరువు వైపు చూస్తున్నాడు. కోపమొచ్చిందనుకున్నాను.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అంత నమ్మకంగా చెప్తాంటే..."

"నేను పైపుల గురించి కూడా నమ్మకంగానే చెప్తా. జపాను గురించి నాకేం తెలుసు? వాళ్ళ పట్ట మీదికి వాళ్ళనే రమ్మని పిలిస్తిని గదా" అని, ఉన్నట్టుండి భుజాలు ఊగేలా నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఇంకేమన్నా ఉన్నాయా ఇట్లా చెప్పకుండా దాచిపెట్టినవి?" అన్నాడు. ఊరికే అడిగాడు పాపం.

"ఒకటుంది" అన్నాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని, బడి, పాఠం, జూన్, సోమవారం, బస్సు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆయన చేతిలోని పుల్లను తిప్పుతూ కూర్చున్నాడు. నవ్వు పోయింది. "నేను వద్దంటాననుకుంటివా?"

"ఏమంటారో తెలీలేదు. మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు గదా."

"అదీ నిజమే" అన్నాడు. "నువ్వు ఎప్పుడు చూసినా పుస్తకం పట్టుకోనుంటావు. నాకు ఇంచులు, అడుగులు తప్ప ఏం తెలుసు? ఏం మాట్లాడితే ఏమనుకుంటావో అని నేనూ ఊరకుంటి." ఆయన జుట్టులో నాలుగు పూరేకులు ఇరుక్కుని ఉన్నాయి. తీయాలనిపించి, తీశాను. ఆయన కదలకుండా కూర్చున్నాడు. తర్వాత, "పొద్దున ఎన్నింటికి పోవాల బస్సుకు?" అన్నాడు.

"ఏడున్నరకు."

"సరే. అమ్మకు మాత్రం నువ్వే చెప్పాల. ఇందాక నాకు చెప్పినావు చూడు, అట్లనే."

బడివాళ్ళకు మాట చెప్పవలసిన సోమవారానికి ముందురోజు, ఆదివారం ఇల్లు చేరాము. అత్తమ్మ ముందర గదిలో చింతపండు గింజలు తీస్తూ ఉంది. నేను వంటింట్లో నిలబడి నాలుగుసార్లు వల్లించుకుని, వచ్చి ఎదురుగా కూర్చుని, శివరాత్రితో సహా అంతా చెప్పాను. ఆమె చేతిలో గింజ పక్కన పడేసి నన్ను ఎగాదిగా చూసింది.

"చెప్పకుండా పోయింటివా?"

"ఊ."

"ఇంకోసారి అట్ల చేయొద్దు. నీ నోటెంబడి ఇన్ని మాటలు నేను ఇప్పుడే ఇంటాండా" అని, మళ్ళీ చింతపండు మీదికి వంగుతూ, "దీనికి జపాను దాకా పోవాల్నమ్మా? ఈడనే అడిగింటే సరిపోయేది గదా. ఏడున్నరకు బస్సంటే నీకు క్యారేరు ఏడుకంతా కట్టియ్యాల" అంది.

ఆమె అన్నదీ నిజమే. ఎమ్మిగనూరులో మా వంటింటి నుంచి ముందర గదికి పన్నెండు అడుగులు. అప్పట్లో నాకు మాత్రం అది జపాను మీదుగా పోవలసిన దారి.