చీర అంచులోకి ఎక్కిన ఆసియా కప్పు

“నా గ్రాఫు కాయితం యాడ పెట్టినావు జేజీ?”

“పెట్టాల్సిన చోట్నే పెట్టినా. మగ్గం కాడ ఉండాది.”

“మగ్గం కాడ ఏంటికుండాది?”

“అంచు కాయితం మగ్గం కాడ కాకుండా పొయ్యి కాడ ఉంటాదా?”

“అది అంచు కాయితం కాదు జేజీ. ఆసియా క్లబ్బుల ఫుట్‌బాల్ చరిత్ర.”

“ఏదయితేనేమి పాపా. నేతకు బాగా కుదిరింది.”

ఈ తగవు జరిగింది పోయినేడు ఒక సాయంత్రం, ధర్మవరంలో మా ఇంటి మగ్గం గుంత పక్కన. అడిగింది నా మనవరాలు నందిని, పదమూడేళ్లది. జవాబు చెప్పింది నేను. అప్పటికి నాకు అరవై ఏడేళ్లే, లోకజ్ఞానం ఇంకా రాని వయసు. చదివింది మూడో తరగతి. ఆ కాస్త చదువుతోనే ఒక ఖండం చరిత్రను ఎలా పాడుచేశానో చెబుతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ, నవ్వుతూ చేతిలో కాఫీ ఒలకబోసుకోకండి. పాలు ఊరికే రావు.

నందిని అనంతపురంలో హాస్టల్లో ఉండి ఫుట్‌బాల్ నేర్చుకుంటుంది. ఇరవై రెండు మందికి ఒక్క బంతితో సరిపెట్టడం తప్ప ఆ ఆటలో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి లేదు. ఆ ఏడు వాళ్ల కోచ్ పిల్లలకు ఒక పోటీ పెట్టాడు. గోవాలో మన దేశపు క్లబ్బు, బయటి దేశపు క్లబ్బుతో ఆసియా మ్యాచ్ ఆడబోతోంది. ఆ ఆసియా పోటీ చరిత్రను పటం గీసి అందరికంటే బాగా చెప్పిన పిల్లను మ్యాచ్ చూడడానికి తీసుకుపోతారు. సీటు ఒక్కటే. మా పిల్ల పెద్ద మ్యాచ్ చూసిందంటే అది టీవీలోనే.

సెలవులకు వచ్చి, మూడు రోజులు అన్నానికి పదిసార్లు పిలిస్తే గానీ లేవకుండా కూర్చుని ఆ పటం గీసింది. గీసింది దేని మీద? వాళ్ల నాయన, అంటే నా కొడుకు ఓబులేసు, చీర అంచులు గీసుకునే గళ్ల కాయితం మీద. ఏడాదికి నాలుగు వరసలు, దేశానికో రంగు. గెలిచినవాళ్లు నడుమ, ఓడినవాళ్లు అటూ ఇటూ. అంతా అయ్యాక మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, “నేనొచ్చేదాకా జాగ్రత్త జేజీ” అని హాస్టల్‌కు పోయింది.

అదేమిటని మూడు రోజుల్లో ఒక్కసారైనా నేను అడగలేదు. అడిగితే లైటు వేసుకుని ఇంకో గంట చెబుతుందని భయం.

నేత ఇంట్లో పుట్టి నేత ఇంట్లో మెట్టిన మనిషికి గళ్ల కాయితం మీద రంగు కనబడితే అది అంచే. ఇంకోటి కావడానికి వీల్లేదు. పిల్ల పోయాక మడత విప్పి చూశాను. బంతిని పక్కన పెట్టి ఇన్నాళ్లకు నేత మీద మనసు పెట్టిందని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క చుక్క రాలగానే తుడిచేసుకున్నాను, మా జిల్లాలో నీళ్లు వృథా చేయకూడదు. అప్పటికే ఒక వ్యాపారి, ఎవరూ చూడని అంచు కావాలని ఓబులేసు వెంటపడుతున్నాడు. ఇంట్లో కాయితం ఉండగా బయట గీయించేదెందుకు? పైన ఇంగ్లీషులో ఏవో అక్షరాలుంటే, చీరకు అక్షరాలెందుకని ఆ ముక్క కత్తిరించి, వెనక్కి తిప్పి సరుకుల చీటీ రాసుకున్నాను.

మా వీధి చివర దాదాపీర్ ఉంటాడు. డిజైన్ చూసి అట్టలకు బెజ్జాలు కొట్టడం అతని పని. ఆ అట్టలు మగ్గానికి ఎక్కిస్తే, బెజ్జం ఎలా ఉంటే అంచు అలా వస్తుంది. కాయితం చూసి దాదాపీర్ తల గోక్కున్నాడు.

“పెద్దమ్మా, నడిమధ్యన జానెడు ఖాళీ ఉండాదే. ఎవురు గీసినారిది?”

“మా పాప.”

“పాపనొకసారి అడగరాదా?”

“అడిగేదేముందప్పా. రంగు అయిపోయింటాది. ఇట్ల తే.”

అరిగిపోయిన రంగు పెన్సిల్ ముక్కలు వెతికి ఆ ఖాళీలో మూడు నెమళ్లు గీశాను. మూడోదానికి చోటు చాలక తోక ముడిచి పెట్టాను. దాదాపీర్ కాయితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

“కోళ్లు బాగుండాయి పెద్దమ్మా.”

“నెమళ్లప్పా అవి.”

“నువ్వంటే నెమళ్లే.”

వరస కొట్టడం అయిపోగానే ఆ వరస మీద పెన్నుతో గీత పెట్టడం దాదాపీర్ అలవాటు. కాయితం తిరిగి వచ్చేసరికి దాని మొహం మీద చోటు మిగల్లేదు. పాప గీసిన అంచని చెప్పగానే ఓబులేసు మురిసిపోయి, మారుమాట అడక్కుండా నేత మొదలుపెట్టాడు.

ఇప్పుడు తగవు దగ్గరికి వద్దాం. పటం తీసుకుపోవడానికి హాస్టల్ నుంచి వచ్చి, కాయితం చూసిన నందిని ఏడవలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

“రేపు పొద్దున పది గంటలకు సార్‌కు చూపించల్ల. ఏం చూపించేది జేజీ?”

“అందులో ఏముండాదో నాకు చెప్పు ముందు.”

మగ్గం మీది అంచుకు వేలు ఆనించి చెప్పింది.

“అరవై ఏడులో మొదలయింది. ఈ పసుపు ఇజ్రాయెల్, ఈ పచ్చ ఇరాన్. డెబ్బై ఒకటిలో ఫైనల్‌కు ఒక జట్టు దిగనే లేదు. ఎదుటోళ్లకు ఆడకుండానే కప్పిచ్చేసినారు.”

“ఆడకుండానే?”

“ఆడకుండానే. ఆ తర్వాత పదేండ్లకు పైగా పోటీనే పెట్టలేదు. ఎనభై ఐదులో మళ్లా మొదలయింది. కొరియా గెలిచింది, ఆ వెనక జపాన్. రెండువేల రెండులో పేరు మార్చి పెద్దది చేసినారు. సొంతూర్లో ఒకసారి, పరాయి ఊర్లో ఒకసారి ఆడతారు. సమానంగా వస్తే పరాయి ఊర్లో కొట్టిన గోలుకు విలువెక్కువని రూలుండె. ఇప్పుడు తీసేసినారు.”

“తీసేసిందేంటికి? మంచి రూలు. పుట్టింట్లో ఎవురైనా వండుతారు. అత్తింట్లో వండి మెప్పించినోళ్లకే కదా విలువ.”

పిల్ల నవ్వబోయింది. అంతలో వేలు వెనక్కి జరిగి నడుమకు వచ్చి ఆగింది.

“ఈ ఖాళీ నేను కావాలనే వదిలినా జేజీ. ఈ కోళ్లెవురివి?”

“నెమళ్లు” అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

అట్టలు ఒక చుట్టు తిరిగితే చరిత్ర మళ్లీ అరవై ఏడుకు వస్తుంది. అలా ఆ మూరెడు గుడ్డలో ఆసియా కప్పు రెండుసార్లు మొదలై, రెండుసార్లూ నా నెమళ్ల మీదుగానే నడిచింది. కొత్త పటం గీయడానికి మూడు రోజులు కావాలి. మా దగ్గర ఒక్క రాత్రి ఉంది.

“ఓబులేసూ, కత్తెర తే. నేసినంత కోసి పాపకిచ్చేద్దాం.”

“మగ్గం మీది పట్టు కోయమంటావా? ఈ మాట నువ్వేనామ్మా అనేది?”

“కాయితం పాడుచేసింది నేను. గుడ్డనే పటమనుకోని తీసకపోతాది.”

కరిగిపోయిన సబ్బు పెచ్చును కొత్త సబ్బుకు అతికించే మనిషిని నేను. పట్టు తెగుతున్న చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. అయినా నేనే కోశాను. ఆ కత్తెర చేతిలో ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను: ఒకరు వదిలిన ఖాళీని, వాళ్లను అడగకుండా ఈ జన్మలో నింపను; అది గళ్ల కాయితమైనా సరే, ఆసియా ఖండమైనా సరే.

మరుసటి రోజు పొద్దున అనంతపురానికి నేనూ వెంట వెళ్లాను. మిగతా పిల్లలు అట్టల మీద బొమ్మలు అతికించుకొచ్చారు. మా పాప గోడకు పట్టుగుడ్డ తగిలించి, తడబడకుండా చెప్పుకుపోయింది. కోచ్ దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, నడుమ వేలు పెట్టాడు.

“ఈ ఏండ్లలో పోటీలు జరగలేదు కదా నందినీ. ఈ కోళ్లేంది?”

పాప నా వైపు చూసింది.

“పోటీ ఎవురూ పెట్టలేదు సార్. మా జేజి పెట్టింది.”

పిల్లలంతా నవ్వారు. కోచ్ నా వైపు తిరిగి అడిగాడు. “అయితే కప్పు ఎవురికిచ్చినావమ్మా?”

దాక్కోవడానికి ఆ గదిలో ఒక స్తంభం కూడా లేదు. లేచి నిలబడ్డాను.

“మా నెమళ్లకే సార్. ఎదుటి జట్టు దిగలేదు.”

గోవా సీటుకు మా పాప పేరు రాసుకున్నారు. గుడ్డను గోడకు అలాగే ఉంచుతామని అడిగారు. పట్టు కదా, ఇవ్వలేదు. మడిచి సంచిలో పెట్టుకుని, పదకొండున్నర బస్సుకు ధర్మవరం వచ్చేశాను.