జీపు దిగని పరిశోధన

మొన్న మారతహళ్ళిలో మా పీహెచ్‌డీ గైడు గారి సంస్మరణ సభకు వెళ్లాను. దండ వేసిన ఫోటో పక్కన ఒకాయన మైకు పట్టుకుని, "అడవిని ఇంతగా ప్రేమించిన మనిషి మళ్లీ పుట్టడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అడవిని ప్రేమించడం దేవుడెరుగు, బూట్లకు మట్టి అంటుతుందని జీపు దిగని రకం ఆయన. భోజనాల్లో పాయసం వడ్డించారు. పైన సారపప్పు తేలుతోంది. చెంచా పక్కన పెట్టేశాను.

ఎనభైల మొదట్లో ఆయన దగ్గర నేను చేసిన పరిశోధన ఆ సారపప్పు చెట్టు మీదే. లేత ఆకులు కోసి, ఐసులో పెట్టి బెంగళూరు తెచ్చి నూరేవాణ్ని. ఆ రసాన్ని పిండితో పోసిన జెల్లులో ఉంచి కరెంటు పెడితే ఎంజైములు కదిలేవి, రంగు వేశాక నీలం చారలుగా తేలేవి. చెట్టుకూ చెట్టుకూ చారలు తేడాగా ఉంటే ఆ జాతిలో వైవిధ్యం ఉన్నట్టు. అత్తిబెలె అవతలి గుట్ట మీది సారచెట్లను ఉంచాలా, కొట్టేసి నీలగిరి వేయాలా అన్నది మా చారలను బట్టే తేలుతుందని అటవీ శాఖవాళ్లు అన్నారు.

గైడు గారు జీపులోంచే రోడ్డు పక్కన గుంపుగా ఉన్న ముప్పై చెట్లను చూపించి, "ఇవి చాలు, కొయ్" అన్నారు. గుట్ట మీద సారకాయలు ఏరుకుని బతికే ఒక అవ్వ అది చూసి పకపకా నవ్వింది.

"ఇవన్నీ ఒగే తల్లి వేరుకు లేసిన పిలకలప్పా. వేరే చెట్లు కావాలంటే గుట్ట మీద ఉండాయి. అరగంట ఎక్కాల, అంతే."

ఆ మాటే ఆయనకు చెప్పాను. ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటూ, "అయితే ఆ ముసలమ్మ దగ్గరే చెయ్యి పీహెచ్‌డీ" అన్నారు. నేను ఆ ముప్పై చెట్ల ఆకులే కోశాను.

చారలన్నీ అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే వచ్చాయి. రాక చస్తాయా? ఒకే చెట్టును ముప్పైసార్లు కోశాం. మహానుభావుడు మాత్రం, ఈ జాతిలో వైవిధ్యం లేదు, నాలుగు చెట్లు ఉంచితే చాలని రిపోర్టు రాసి నా ముందుకు తోశాడు. నా డిగ్రీ ఆయన చేతిలో ఉంది. రెండో సంతకం నాది.

మరుసటి ఏడు ఆ దారిన వెళ్తే గుట్ట నిండా వరసగా నీలగిరి మొక్కలు. రోడ్డు పక్కన ఖాళీ గంప పెట్టుకుని కూర్చున్న అవ్వ నన్ను గుర్తుపట్టింది.

"గుట్ట ఎక్కితివా అప్పా?" అని మాత్రం అడిగింది.

ఇన్నేళ్లూ ఆయన్ని తిట్టుకుంటూ హాయిగా బతికాను. ఆయన జీపు దిగలేదు, నిజమే. దిగినవాణ్ని నేనేం చేశాను? కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు గాని, నేను ఎక్కని ఆ అరగంట నలభై ఏళ్లయినా గడవడం లేదు.