నడిచే బావుల దేశంలో చిన్నమ్మ

మైదుకూరు నుంచి చిన్నమ్మ కొడుకు, నా తమ్ముడు, ఫోన్ చేసేటప్పటికి నేను కడపలో కాలేజీకి పాఠం చెప్పడానికి బయలుదేరుతున్నాను. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. పొద్దున్నే లేచి కాఫీ తాగి, ఎదలో పట్టేసినట్టుందని మంచం మీద ఒరిగిందట. డాక్టరును పిలుచుకొచ్చేలోపలే అయిపోయింది. నేను "సరే, వస్తాండా" అన్నాను. చావు కబురుకు సరే అనేదేమిటని బస్సులో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన పోయిన తర్వాత వాళ్ళ ఎరువుల అంగడిని ఆమే నడిపింది. ఆ రోజు వాకిట్లో చేరిన రైతులు ఆమె తూకం గురించి, నోటి దురుసు గురించి, పురుగు పట్టిన ఆకును చూడగానే మందు పేరు చెప్పడం గురించి మాట్లాడుకున్నారు. అదంతా నిజమే. కానీ వాళ్ళలో ఎక్కువ మందికి తెలియని ఇంకో మనిషి ఆమెలో ఉంది. ఆమె గురించి నేను రాయకపోతే ఎవరూ రాయరేమో.

కరోనా ఏడాది కాలేజీ మూసేసినప్పుడు, కడపలో ఒక్కదాన్నే ఉండలేక చిన్నమ్మ ఇంటికి వెళ్ళి కొన్ని నెలలు ఉన్నాను. అప్పటికే నాకు ఒక అలవాటు ఉండేది, ఎవరికీ చెప్పుకోనిది. ఒక్కరే ఆడుకునే కథల ఆట. ఎక్కడో ఎవరో ఒకరు సొంతంగా తయారుచేసి నెట్‌లో పెట్టిన చిన్న పుస్తకాన్ని జిరాక్స్ తీయించుకోవాలి. అందులో, ఈ లోకంలో ఎక్కడా లేని దేశం ఒకటి ఉంటుంది. మనం ఒక పాత్రను కల్పించుకుని ఆ దేశంలోకి పంపాలి. దారి చీలినప్పుడల్లా ఔనా కాదా అని ఒక ప్రశ్న అడిగి పాచిక వేయాలి. వచ్చిన జవాబును బట్టి కథ మనమే చెప్పుకుంటూ పోవాలి. గెలుపూ ఓటమీ పెద్దగా ఉండవు. ఏమవుతుందో చూడటమే ఆట.

మిద్దె మీది గదిలో తలుపు దగ్గరికి వేసుకుని ఆడుతుంటే చిన్నమ్మ వచ్చింది. నేను కాగితాలు దిండు కింద దూర్చబోయాను. ఏమిటని అడిగితే, ఏమీ లేదు, ఒక్కదాన్నే ఏదో ఆడుకుంటున్నానని నసిగాను.

"ఒక్కదానివే వంట చేస్తావు. ఒక్కదానివే బస్సెక్కి పోతావు. ఆట ఒక్కదానివే ఆడితే దానికి సిగ్గెందుకు పాపా?" అని మంచం మీద కూర్చుంది. "యాడిదాకా వచ్చినావు, చెప్పు."

నేను తెప్పించుకున్న ఎనిమిది ముఖాల, ఇరవై ముఖాల పాచికలు ఆమెకు నచ్చలేదు. చేతికి ఆనవంది. మరుసటి రోజు నాలుగు చింతగింజలు తెచ్చి, బారకట్ట ఆడేవాళ్ళు చేసినట్టే, గచ్చు మీద ఒక వైపు తెల్లగా అరగదీసింది. నాలుగూ తెల్లగా పడితే గట్టి ఔను. నాలుగూ నల్లగా పడితే గట్టి కాదు. మధ్యలో ఎట్లా పడినా ఔనుకో కాదుకో ఒక 'కానీ' తగులుతుంది. "ఆ కానీలోనే ఉండాది కతంతా" అనేది.

ఆమె తనకోసం కల్పించుకున్న దేశంలో బావులు ఒకచోట ఉండవు. తెల్లవారేసరికి లేచి ఇంకో చోటికి నడిచి పోతాయి. ఏ బావి ఎటు పోయిందో వెతికి ఊళ్ళకు కబురు చేర్చే ఒకామె ఉంటుంది. ఆమెకు చిన్నమ్మ పేరు పెట్టలేదు. 'నా మనిషి' అనేది అంతే. మధ్యాహ్నం ఎండకు రోడ్డు ఖాళీ అయ్యాక గల్లాపెట్టె పక్కన తువ్వాలు పరిచి గింజలు వేసేది. సాయంత్రం నాకు చెప్పేది. నేను కడప తిరిగి వచ్చాక ఫోన్లో చెప్పేది. ఒక బావికి కోపం వచ్చి కొండెక్కి కూర్చుందని, నా మనిషి దానికి పాట పాడి దింపిందని, గింజలు 'ఔను, కానీ' అన్నందుకు ఆ నీళ్ళు ఉప్పగా మారాయని. ఇవన్నీ రాసిపెట్టొచ్చు కదా అంటే, "ఆడేదానికి ఆడితి. రాసేది నీ పని" అంది. అందుకే ఆ దేశం ఇప్పుడు ఎక్కడా లేదు. నాకు గుర్తున్నవి కొన్ని తునకలు, అంతే.

అంగట్లో ఆమె తనలో తాను మాట్లాడుకోవడం చూసి మరదలు కొంత భయపడింది. అత్తకు మతి తప్పుతోందేమోనని నాకు రహస్యంగా ఫోన్ చేసింది. నేను వివరించాను. ఆ పిల్లకు పూర్తిగా నమ్మకం కుదిరిందని అనుకోను.

పుస్తకాల సంగతి ఇంకొకటి. పెద్ద ప్రచురణకర్తలు వద్దన్న దయ్యాల కథలు, హత్య కథలు, వేరే గ్రహాల కథలు సొంతంగా అచ్చేసుకునే కుర్రవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పుస్తకాలు నేను తెప్పించుకుంటే చిన్నమ్మ నాకంటే ముందు చదివేసేది. తర్వాత తనే పోస్టులో తెప్పించుకోవడం మొదలుపెట్టింది. అలాంటి పుస్తకాల చివరి పేజీలో రచయిత ఫోన్ నంబరు ఉంటుంది. చిన్నమ్మ ఆ నంబర్లకు ఫోన్ చేసేది. ఎవరో తెలియని పిల్లవాడు ఎత్తగానే మొదలుపెట్టేది.

"ఏమప్పా, నీ దయ్యానికి శానా ఆకలని మొదట్లో రాసినావు. ఆఖరిదాకా అది ఏమీ తినలేదే?"

రెండో ముద్రణలో ఆ దయ్యం ఒక మేకను తినింది. చిన్నమ్మ ఆ పేజీ దగ్గర గుర్తు పెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా చూపించింది.

ఆమెకు ఆట మీద ఉన్న గౌరవం ఎలాంటిదో నాకు అర్థమైంది ఒక బోరు వల్ల. ఒక మధ్యాహ్నం నేను అంగట్లోనే ఉన్నాను. "బావి ఈ గట్టు కింద ఉండాదా?" అని పైకే అడిగి చిన్నమ్మ గింజలు వేసింది. నాలుగూ తెల్లగా పడ్డాయి. తలెత్తి చూస్తే ఖాజీపేట వైపు నుంచి వచ్చే రైతు ఒకాయన, చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసేవాళ్ళనూ, వేపపుల్లతో చూసేవాళ్ళనూ ఎరిగిన మనిషి. చింతగింజలు ఆయనకు వింతేమీ కాదు.

"అక్కా, రెండు బోర్లు ఎండిపాయ. మూడోది యాడ వేయాలో నాకూ ఒకసారి అడుగు" అన్నాడు.

చిన్నమ్మ ఇది ఆట అని చెప్పింది. ఆయన నమ్మలేదు. విద్యను దాచుకుంటోందని అనుకున్నాడు. బతిమాలాడు. ఆమె గింజలన్నీ ఏరి గుప్పిట్లోకి తీసుకుంది.

"ఈ బావి లేదప్పా. ఆ గట్టూ లేదు. నేను తప్పు చెప్పినా ఆడ ఎవురూ ఎండిపోరు. నీ చేను ఉండాది. దాని సంగతి అడగాల్సింది నన్ను కాదు."

భూగర్భజలాల ఆఫీసులో ఎవరిని కలవాలో కూడా చెప్పింది. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్ళి, ఆ పంట కారంతా ఎదుటి అంగట్లో ఎరువులు కొన్నాడు. ఆయన తృప్తి కోసం ఒకసారి వేసి ఉంటే ఏం పోయేదని నేను సణిగాను. గింజలు పడిన తర్వాత అది తృప్తితో ఆగదని చిన్నమ్మ అంది. బోరుకు రాయి తగిలితే ఆ మనిషి తన కళ్ళను కాకుండా గింజలను నమ్మినట్టవుతుందంది. అప్పుడు నాకది కఠినంగా తోచింది. ఇప్పటికీ ఒక్కోసారి తోస్తుంది. కానీ ఆ మాట నాకూ వర్తిస్తుందని అప్పటికి తెలియదు.

నేనొక నవల రాసి పెట్టుకున్నాను. పెన్నేరు నేలను విడిచి ఆకాశంలో పారడం మొదలుపెట్టిన కాలపు కథ. జనం మిద్దెల మీద నిలబడి తాళ్ళు విసిరి నీళ్ళు దింపుకుంటుంటారు. వాళ్ళలో ఒక పిల్లే కథానాయిక. ఇద్దరు ప్రచురణకర్తలు బాగుందన్నారు, ఇలాంటివి ఎవరు కొంటారనీ అన్నారు. ఇక సొంతంగా అచ్చేసుకోవాలి, లేదా బీరువాలో ఉంచాలి. చరిత్ర పాఠాలు చెప్పే మేడం ఈ వయసులో గాలిలో ఏర్లు పారించిందని స్టాఫ్ రూములో నవ్వుతారు. వేద్దామని ఒకరోజు, వద్దని మర్నాడు. అలా ఏళ్ళు గడిచాయి. చివరికి మైదుకూరు వెళ్ళి, గల్లాపెట్టె ముందు కూర్చుని, గింజలు వెయ్యమన్నాను. ఏది పడితే అదే చేస్తానన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ నిజంగానే అడిగాను.

చిన్నమ్మ గుప్పిట తెరవలేదు.

"నీ పుస్తకం ఉండాదా, లేదా?"

"ఉండాది."

"మళ్ళ నన్నడుగుతావేం?"

ఆ సాయంత్రం నాతో వేరే మాటలే మాట్లాడింది. వచ్చేటప్పుడు మాత్రం ఆ కాగితాలు పంపించమంది. పంపాను. వారాలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు స్టాఫ్ రూములో ఉండగా ఫోన్ మోగింది.

"నమస్తే అమ్మా, రచయిత్రిగారేనా? మాది మైదుకూరు. మీ నవల చదివినాను."

చిన్నమ్మే. ఆ గొంతుతో, ఆ మర్యాదతో, పరాయివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది. నవ్వబోయి ఆగిపోయాను. నది లేచే అధ్యాయం చదువుతున్నప్పుడు గిరాకీ వస్తే విసుక్కున్నానని చెప్పింది. తర్వాత అసలు మాటకు వచ్చింది.

"మీ కతలో ప్రతి మలుపుకాడా ఒక ముసలాయన వచ్చి దోవ చెప్తాండాడు. ఆ పిల్లకు కండ్లు లేవా? ఆయన్ను ఇంటికి పంపించండమ్మా."

రెండు రోజులు ఉడుక్కున్నాను. పాత్ర అన్నాక పెద్దదిక్కు ఉండకూడదా అని నాలో నేనే వాదించుకున్నాను. మూడో రోజు ఆ ముసలాయన్ని తీసేయడం మొదలుపెట్టాను. ఆయన పోయిన ప్రతిచోటా ఆ పిల్ల తనే తల ఎత్తి ఆకాశంలోకి చూడాల్సి వచ్చింది. ఎక్కడ తాడు విసరాలో తనే తేల్చుకుంది. కొన్నిచోట్ల తప్పుగా విసిరింది. పుస్తకం బాగుపడింది. ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు.

ఆ పని పూర్తయ్యాక, వానలకు ముందు ఒక ఆదివారం మైదుకూరు వెళ్ళాను. అంగట్లో విత్తనాల సంచులు దించుతున్నారు. చిన్నమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లెక్క చూసుకుంటోంది. హమాలీలు వెళ్ళేదాకా ఆగి, పుస్తకం అచ్చుకిస్తున్నానని చెప్పాను. అడగడానికి రాలేదని, చెప్పడానికే వచ్చానని ఆమెకు అర్థమైందనుకుంటాను. నా ముఖంలోకి కాసేపు చూసింది. మెచ్చుకోలేదు.

"ఎంత లావుంటాది?" అంది.

బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపించాను.

స్టూలు లాక్కుని ఎక్కబోయింది. నేను పట్టుకున్నాను. గల్లాపెట్టెకు ఎదురుగా, వచ్చినవాళ్ళ కళ్ళు మొదట పడే అరలో కలుపు మందు సీసాలు వరసగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చింది. తమ్ముడు లోపలి నుంచి వచ్చి, ఈ సీజన్లో బాగా పోయే సరుకదే కదా అని మొత్తుకున్నాడు. వెనక అరలో పెడితే నోరుండేవాళ్ళు అడిగి తీసుకుంటారులేప్పా అంది. కొంగుతో చెక్క తుడిచింది. సీసాల అడుగులు పడిన గుండ్రటి మరకలు పోకపోతే గోటితో గీకింది. దిగి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వంచి చూసింది.

పుస్తకం కర్నూలు ప్రెస్సులో ఉంది. వచ్చే వారం కాపీలు వస్తాయి. కర్మలు అయిన మర్నాడు తమ్ముడు అంగడి తెరిచాడు. నేనూ వెళ్ళాను. అరలన్నీ సీసాలతో, డబ్బాలతో, పొట్లాలతో నిండి ఉన్నాయి. ఆ ఒక్క అరలో మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు. పొద్దుటి ఎండ రోడ్డు మీంచి లోపలికి వచ్చి, ఆ ఉత్త చెక్క మీద పడుతోంది.