మగ్గం గుంజకు పచ్చతీగ

ఆ ఇంటిని తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఉన్ని వాసనే వస్తుంది. మా సందులోకి ఇంకా కరెంటు దీపాలు రాని ముప్పైల నాటి మాట. ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ మధ్య మాది మూడో ఇల్లు. ముందు గదంతా మగ్గమే. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయని మా ఆయన కిటికీ ఒక్క రెక్కే తెరిచేవారు. కొల్లేటి ఒడ్డున పుట్టి, నీళ్ళూ పచ్చదనమూ తప్ప ఎరగని నాకు, కాపురానికొచ్చిన కొత్తలో ఆ మసక గదిలో ఊపిరాడేది కాదు.

ఒకసారి పుట్టింటి నుంచి వస్తూ తమలపాకు తీగ ముక్కను తడిగుడ్డలో చుట్టి, పడవలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఉన్ని దగ్గర తడేమిటి, పురుగు పడుతుందని ఆయన విసుక్కున్నారు. నేను వింటేగా! కిటికీ కింద కుండలో నాటాను. కుండకు చిల్లి లేదు గనక నీళ్ళు చూసి చూసి పోసేదాన్ని. వానాకాలం వెళ్ళేసరికి తీగ మగ్గం గుంజను చుట్టుకుని పైదాకా పాకింది. సాయంత్రపు వెలుతురు ఆ ఆకుల్లోంచి జారి గోడ మీద కదులుతుంటే, గది మొత్తం కొల్లేటి అడుగున ఉన్నట్టుండేది. ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు.

గాలిలో ఎగిరే ఉన్ని నూగు ఆకుల మీద వాలేది. రోజూ ఒక్కొక్క ఆకూ తుడిచేదాన్ని. ఆ నూగును ఆకులు పట్టేసుకోవడం వల్లే ఆయన దగ్గు తగ్గిందని నా నమ్మకం. ఆయన ఒప్పుకునేవారు కాదు. కానీ ఒక వరస ముడులు పూర్తయినప్పుడల్లా తలెత్తి తీగ వంక చూసేవారు. కళ్ళమంట చల్లారుతోందనేవారు. తాంబూలానికి ఒక ఆకు కోయబోతే, కళ్ళు తినేది నోటికెందుకని వద్దన్నారు.

నాకొక భయం ఉండేది. ఆయన ఉన్ని ఉండలను కంటికి మరీ దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. నేతగాడికి చూపు పోతే ఇంకేముంది? పచ్చదనం చూస్తూ ఉంటే చూపు నిలుస్తుందని మొండిగా నమ్మి, ఆ తీగను మందులా పెంచాను.

తమ్ముడి పెళ్ళికి వెళ్ళి పది రోజులకు తిరిగొచ్చాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ఆకులన్నీ పసుపురంగుకు తిరిగి వేలాడుతున్నాయి. కుండ అంచుదాకా నీళ్ళు నిలిచి, తీగ మొదలు నల్లగా కుళ్ళింది. ఆయన నా అలికిడి విని, వరస ముగించి, ఎప్పటిలాగే తలెత్తి గుంజ వంక చూశారు.

"పూటపూటా నీళ్ళు పోశాను. ఎంత పచ్చగా ఉందో చూశావా?" అన్నారు.

ఆ పసుపు ఆయనకు కనబడటం లేదని అర్థమైంది. "పచ్చగానే ఉందండీ" అన్నాను.

ఆయన ఇంకో వరస మొదలుపెట్టారు. అది పూర్తయ్యేదాకా నేను కదల్లేదు.

"కుళ్ళు వాసన నాలుగు రోజులుగా తెలుస్తూనే ఉంది. నీ నోట ఒక్కసారి పచ్చగా ఉందని వినాలనిపించింది" అన్నారు.

ఆయన పక్కన కూలబడి ఏడ్చాను.

మర్నాటి నుంచి రంగు చూసి ఉన్ని అందించడం నా పనైంది. ముడులు ఆయన వేళ్ళకు కంఠతా వచ్చు. ఇంకా తీగెందుకని నేనంటే, ఆయనే పట్టుబట్టి కొల్లేటి నుంచి మరొకటి తెప్పించారు. వరస పూర్తయినప్పుడల్లా చెయ్యి చాచి, ఒక ఆకును వేళ్ళ మధ్య పట్టుకుని, ఇవాళ ఎలా ఉందని అడిగేవారు. నేను చూసింది చూసినట్టు చెప్పేదాన్ని.